రాజా దీన్‌దయాళ్: గాజు పలక, మసక వెలుగు

దిల్‌సుఖ్‌నగర్ ప్రధాన వీధి నుండి లోపలికి మళ్ళే ఒక సందులో అలంకార చేపలు అమ్మే చిన్న దుకాణమొకటి ఉన్నది. గత సంవత్సరం మా కళాశాల విద్యార్థులు కొందరు కెమెరాలు తీసుకొని అక్కడికి వెళ్ళినారు. దుకాణదారు సహృదయుడు. కావలసినంత సేపు నిలబడి చిత్రాలు తీసుకొమ్మన్నాడు. అయితే చేపలు బెదురుతాయి కనుక ఫ్లాష్ మాత్రం వెలిగించవద్దని కోరినాడు. గంటన్నర శ్రమించి వారు తెచ్చిన చిత్రాలను మేమందరం కలిసి చూచినాము. వాటిలో చేపలు తక్కువ, విద్యార్థుల ముఖాలు ఎక్కువ. వారి తెల్ల చొక్కాలు, వెనుక గోడకున్న ట్యూబ్‌లైటు, వీధిలో పోతున్న ఆటో కూడా అద్దం మీద చక్కగా పడినవి. చేప ఉండవలసిన చోట మాత్రం బంగారు రంగు మరక ఒకటి కనిపించింది.

ఈ పనిలో ఉన్న కష్టాలు మూడు. ఒకటి అద్దం, అది లోపలిదానిని చూపుతూనే బయటిదానిని కూడా తిప్పి చూపుతుంది. రెండవది వెలుగు, నీరు, అద్దం కలిసి ఉన్న కొద్దిపాటి వెలుగులోనూ కొంత మింగివేస్తాయి. మూడవది ప్రాణి, దానిని కదలకుండా ఉండుమని చెప్పే భాష మనకు లేదు. ఈ కష్టాలు నేటివి కావు. లండను జంతు ప్రదర్శనశాలలో 1853లో ప్రజల కొరకు మత్స్యగృహం తెరిచినారు. స్పెయిన్ రాజవంశీయుడైన మోంటిజోన్ ప్రభువు ఆ దశకంలోనే అక్కడి చేపలను ఛాయాచిత్రాలలో పట్టినాడు. తరువాత 1890 ప్రాంతంలో ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మరే ఇటలీలోని నేపుల్స్ తీరాన ఇంటి గోడలోనే అద్దపు తొట్టిని అమర్చి, బయటి పగటి వెలుగు తొట్టి వెనుక నుండి వచ్చేటట్లు చేసి, సముద్రప్రాణుల ఈతను వరుస చిత్రాలుగా తీసినాడు. మన నగరం మాట వచ్చినప్పుడు, గాజుతోను, చాలీచాలని వెలుగుతోను జీవితాంతం కాపురం చేసినవాడు ఎవరంటే ముందుగా గుర్తుకు వచ్చే పేరు రాజా దీన్‌దయాళ్. ఆయన చేపలను చిత్రించి ప్రసిద్ధి పొందినవాడు కాడు. కాని ఆ దుకాణంలో మా విద్యార్థులు ఓడిపోయిన మూడు చోట్లా ఆయన ఎట్లా నిలబడినాడో తెలుసుకొనుట మాకు ఉపకరించింది. అందుకే ఈ వ్యాసం.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపాన గల సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించినారు. రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి 1866లో విద్య ముగించినారు. ఇందూరు సంస్థానంలో పనుల శాఖలో అంచనాలు వేయుట, నక్షాలు గీయుట ఆయన ఉద్యోగం. కెమెరా చేతికి వచ్చినది 1874లో, అనగా ముప్పది సంవత్సరాల వయస్సులో. ఈ వరుసను తేలికగా దాటిపోరాదని నా అభిప్రాయం. ఒక గోడ ఎంత ఎత్తు, దాని నీడ ఏ వేళకు ఎక్కడ పడుతుంది, ఏ కోణంలో నిలబడితే స్తంభాలు నిటారుగా కనిపిస్తాయి అన్నవి ఆయనకు కెమెరా కంటె ముందే నక్షా బల్ల మీద పట్టుబడినవి. ఛాయాచిత్రకారుడు కావడానికి ముందు ఆయన కొలిచి చూచే మనిషి.

ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయనను ప్రోత్సహించినారు. మధ్య భారతంలో గవర్నరు జనరల్ ప్రతినిధిగా ఉండిన సర్ హెన్రీ డేలీ పరిచయం కలిగింది. 1875-76లో వేల్సు యువరాజు మన దేశంలో పర్యటించినప్పుడు ఆయన చిత్రాన్ని తీసే అవకాశం దక్కింది. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ పర్యటించి, గ్వాలియరు, ఖజురాహో మొదలైన చోట్ల ప్రాచీన కట్టడాలను చిత్రించినారు. ఆ చిత్రాలు 1886లో మధ్య భారత ప్రసిద్ధ కట్టడాలను గురించిన గ్రంథంగా వెలువడినవి. 1885లో వైస్రాయి డఫరిన్ ప్రభువుకు ఛాయాచిత్రకారుడుగా నియమితులైనారు. ఉద్యోగం విడిచి పూర్తిగా ఈ వృత్తినే చేపట్టి సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పినారు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా గౌరవించి, 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ప్రసాదించినారు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. యుద్ధవీరులకు దక్కే జంగ్ అన్న మాట, కుంచె కూడ పట్టని ఒక చిత్రకారుని పేరులో చేరుట ఆ దర్బారు రసికతకు తార్కాణం.

ఇప్పుడు గాజు సంగతి. నేటి విద్యార్థి ఒక నిమిషంలో నూరు చిత్రాలు తీసి తొంబదితొమ్మిది చెరిపివేయగలడు. దీన్‌దయాళ్ ఈ వృత్తిలో అడుగుపెట్టిన నాటికి వాడుకలో ఉన్నది తడి పలక పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పూసి, వెండి లవణపు నీటిలో ముంచి, అది ఆరకముందే కెమెరాలో పెట్టి, చిత్రం తీసి, వెంటనే చీకటి డేరాలో కడగవలెను. పది పదిహేను నిమిషాలు దాటితే పలక ఎండిపోతుంది, శ్రమ వ్యర్థమవుతుంది. మన ఎండాకాలంలో ఆ వ్యవధి ఇంకా తక్కువ. వెళ్ళిన చోటికల్లా డేరా, సీసాలు, నీళ్ళు, పలకల పెట్టెలు మోయించుకొని పోవలెను. 1871లో ఇంగ్లండులో రిచర్డు మాడక్స్ అనే వైద్యుడు జెలటిన్‌తో పొడి పలకకు దారి చూపినాడు. తరువాత అవి తయారై అమ్మకానికి రావడంతో ఛాయాచిత్రకారుని చేతుల కట్లు కొంత సడలినవి. పలకను ముందే సిద్ధం చేసుకొని, చిత్రం తీసి, తీరికగా తరువాత కడుగవచ్చును. పైగా పొడి పలక వెలుగును త్వరగా గ్రహిస్తుంది. సికింద్రాబాదు స్టూడియో ఖ్యాతి పెరిగినది ఈ పొడి పలకల కాలంలోనే.

అయినా ఆ పలకకు ఒక అంధత్వం ఉండినది. నీలి వెలుగును చూచినంతగా ఎరుపును చూడలేదు. అందుచేతనే చీకటి గదిలో ఎర్ర దీపం పెట్టుకొని పని చేయగలిగేవారు. అందుచేతనే ఆ నాటి చిత్రాలలో నీలాకాశం తెల్లని గుడ్డవలె, ఎర్రని అంచులు నల్లగా కనిపిస్తాయి. దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలోని మన బంగారు చేప ఆ పలక మీద పడి ఉంటే నల్లచేపగా తేలి ఉండేది! కంటికి కనిపించే రంగు పలక మీద ఏ ఛాయగా మారుతుందో చిత్రకారుడు మనస్సులోనే లెక్క కట్టుకోవలెను. వెలుగును కొలిచే యంత్రాలు లేని ఆ రోజులలో కటకం మూత తీసి, లెక్క పెట్టుకొని, తిరిగి మూయుటే షట్టరు. నక్షాలు గీసినవాని లెక్క ఇక్కడ అక్కరకు వచ్చింది.

గాజు మీద విలోమంగా ఏర్పడిన చిత్రాన్ని కాగితం మీద అచ్చువేసే తీరు కూడ చెప్పవలెను. ఆ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెండి లవణంతో తడిపి, పలకను దాని మీద ఆనించి ఎండలో పెట్టేవారు. పలక ఎంత పెద్దదో చిత్రం అంతే పెద్దది. కనుక పెద్ద చిత్రం కావలెనన్న పెద్ద పలకనే మోయవలెను. పలక మీది జెలటిన్ పశువుల ఎముకల నుండి, తోళ్ళ నుండి వచ్చునది. కాగితం మీది పూత గుడ్డు నుండి. జైన కుటుంబంలో పుట్టినవాని చేతికి వచ్చిన వృత్తి ఇటువంటిది. నేను దీనిని ఆక్షేపణగా వ్రాయడం లేదు. ఆ కాలపు ఛాయాచిత్రకళ ఏ పదార్థాలతో నిలిచినదో మన విద్యార్థులు ఎరిగి ఉండుట మంచిది.

మసక వెలుగును ఆయన ఎదుర్కొన్న స్థలాలు మన నగరంలోనే ఉన్నవి. సర్ ఆస్మాన్ జా వారి బషీర్‌బాగ్ భవనం నేడు లేదు. వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా ఉన్నది. ఈ భవనాల లోపలి హాళ్ళను దీన్‌దయాళ్ చిత్రించినారు. అటువంటి గది ఛాయాచిత్రకారునికి మన అక్వేరియం కంటె మెరుగైనదేమీ కాదు. గోడ పొడవునా నిలువుటద్దాలు, పైన గాజు దీపగుచ్ఛాలు, మెరుగు పెట్టిన బల్లలు, మూలలలో చీకటి, కిటికీల వద్ద కళ్ళు చెదిరే ఎండ. కెమెరాను అద్దానికి ఎదురుగా పెడితే చిత్రంలో పడేది గది కాదు, మూడుకాళ్ళ స్టాండు మీద నల్లగుడ్డ కప్పుకొని నిలబడిన మనిషి. కనుక అద్దం తనను చూడని కోణం వెతుక్కోవలెను, ఎండ నేరుగా గదిలో పడని వేళకు ఆగవలెను, కటకం ద్వారాన్ని చిన్నది చేసి చాలాసేపు తెరిచి ఉంచవలెను. అంతసేపు ఎవరైనా కదిలితే దయ్యపు నీడ పడుతుంది. ఆ నాటి చిత్రాలలో రాజప్రాసాదాల హాళ్ళు తరచు నిర్జనంగా ఉండుటకు కారణం వైభవం కాదు, వెలుగు లేమి.

ఈ మాటలు చెప్పిన తరువాత మా విద్యార్థులు ఆ దుకాణానికి రెండవసారి వెళ్ళినారు. ఈసారి నల్ల చొక్కాలు తొడుక్కొన్నారు. దుకాణదారు అనుమతితో గది దీపాలు ఆర్పి, తొట్టి పైదీపం ఒక్కటే ఉంచినారు. అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడిచి, కటకాన్ని అద్దానికి దాదాపు ఆనించి, చుట్టూ నల్లగుడ్డ మూసినారు. వాలుగా చూస్తే నీరు, అద్దం కలిసి ఆకారాన్ని చెదరగొడతాయి. నిటారుగా చూస్తే ఆ దోషం తక్కువ. కటక ద్వారం పూర్తిగా తెరిచి, ఐ.ఎస్.ఓ. విలువను 1600 దాకా పెంచి, సెకనులో 125వ వంతు వేగం సాధించినారు. కాని అసలు ఫలితమిచ్చినది వేరు. చేప వెంట కెమెరాను తిప్పుట మాని, చేప తరచు వచ్చి మలుపు తిరిగే మూల ఒకటి కనిపెట్టి, అక్కడికే దృష్టి నిలిపి కాచుకొన్నారు. మలుపు వద్ద చేప ఒక్క క్షణం ఆగుతుంది.

దీన్‌దయాళ్ వృత్తి జీవితంలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఆయన తీయని చిత్రాల ఘట్టం. 1892లో ఆయన హైదరాబాదులో స్త్రీల కొరకు జనానా స్టూడియో ఒకటి తెరిచినారు. పర్దా పాటించే కుటుంబాల స్త్రీలు పురుషుని ఎదుట కూర్చొనరు. ఎంతటి ఆస్థాన చిత్రకారుడైనా ఆ గదిలో అడుగుపెట్టరాదు. స్టూడియో నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించినారు. తన పేరు మీద నడిచే గదిలో తాను లేకుండుటకు అంగీకరించుట ఎంత పేరున్నవానికైనా సులభం కాదు. వ్యాపార లాభం కూడ చూచుకొని ఉండవచ్చును, వ్యాపారి వ్యాపారం మానడు. అయితే ఎదుటివారి మర్యాదకు తగినట్లు తన పనిని మలచుకొనుట, వారిని వెలుగులోకి లాగకుండా వారున్న చోటికి కెమెరాను పంపుట ఇక్కడ స్పష్టంగా ఉన్నది. మన కళాశాల విద్యార్థినులలో నేడు కెమెరా పట్టినవారు పలువురు ఉన్నారు. ఈ నగరంలో ఒక స్త్రీ చేతి మీదుగా స్త్రీల కొరకు స్టూడియో నడిచి నూట ముప్పది ఏండ్లు దాటినదని వారికి తెలియవలెను.

ఇక ప్రాణుల సంగతి. ఆస్థాన ఛాయాచిత్రకారుని విధులలో వేట శిబిరాలు ఒక ముఖ్య భాగం. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు దంపతులు నిజాము అతిథులుగా వచ్చినప్పుడు వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ వద్ద పెద్దపులి వేట జరిగింది. చంపిన పులి వద్ద ఆ దంపతులు నిలబడిన చిత్రం నేటికీ ప్రపంచమంతట పుస్తకాలలో కనిపిస్తుంది. అది దీన్‌దయాళ్ స్టూడియో పని. చిత్రకళ దృష్టితో చూస్తే అందులో లోపమెన్నలేము. వెలుగు సమంగా ఉన్నది, పులి చారలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చును. చచ్చిన పులి కదలదు గదా! ఛాయాచిత్రకారునికి గల మూడు కష్టాలలో మూడవదానిని తుపాకి తీర్చివేసినది. ఆ చిత్రాన్ని చూచినప్పుడల్లా పనితనానికి మెచ్చుకోలు, ఆ మృగం మీద జాలి రెండూ ఒకేసారి కలుగుతాయి. అందులో ఒకదానిని దాచి రెండవదానిని మాత్రమే ఇక్కడ వ్రాయుట నాకు సమ్మతం కాదు.

అదే సంస్థానంలో కరువు వచ్చినప్పుడు జరిగిన సహాయక పనులను కూడ ఆ కెమెరా చూచినది. 1895 మొదలు 1902 దాకా నిజాము రాజ్యంలో ప్రజోపయోగ కార్యాలను, దుర్భిక్ష నివారణ పనులను చిత్రించే బాధ్యత దీన్‌దయాళ్ సంస్థకు ఉండినది. మట్టి మోసే స్త్రీపురుషులు, అన్నం కొరకు వరుసగా కూర్చొన్న జనం ఆ పలకల మీదకు ఎక్కినారు. దర్బారు చిత్రాలలోని వారికి పేర్లున్నవి, బిరుదులున్నవి. వీరికి లేవు. కాని గాజు పలక ఇద్దరినీ ఒకే నిశితత్వంతో చూచింది. మన పూర్వుల ముఖాలు ఎక్కడైనా మిగిలి ఉన్నవంటే ఇటువంటి పలకల మీదనే మిగిలి ఉండవలెను.

1893 చికాగో మహాప్రదర్శనలో ఆయన చిత్రాలకు స్థానం లభించింది. విక్టోరియా రాణి తన ఛాయాచిత్రకారులలో ఒకరుగా ఆయనను గుర్తించింది. 1896లో బొంబాయిలో కూడ స్టూడియో తెరిచినారు. 1903 ఢిల్లీ దర్బారును చిత్రించినారు. 1905 జూలై 5వ తేదీన బొంబాయిలో కన్నుమూసినారు. జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఆయన కుమారులు. జ్ఞాన్‌చంద్ సికింద్రాబాదు స్టూడియోను నడిపించినారు. మూడేండ్లకు, 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి, ఆయన ఎరిగిన నగరంలో నదీతీరపు పేటలు ఎన్నో కొట్టుకొనిపోయినవి.

మిగిలినవి గాజు పలకలు. గాజు పగులుతుంది, తేమకు పూత ఊడుతుంది, బూజు పడుతుంది. రాళ్ళతో కట్టిన బషీర్‌బాగ్ భవనం పోయి, దానిని చూపే చిత్రం నిలుచుట విచిత్రమే. ఆ కుటుంబం వద్ద భద్రంగా ఉండిన వాటిలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మృత్యర్థం తపాలా బిళ్ళను విడుదల చేసింది.

మన దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వైపు మెట్రో రైలులో పోతే చైతన్యపురి దాటగానే విక్టోరియా మెమోరియల్ అనే స్టేషను వస్తుంది. సరూర్‌నగర్‌లో మహబూబ్ అలీ ఖాన్ కాలంలో రాణి స్మృతికై వెలసిన అనాథ బాలల గృహం పేరు అది. దీన్‌దయాళ్‌కు బిరుదునిచ్చిన నిజాము, గుర్తింపునిచ్చిన రాణి ఇద్దరూ ఆ ఒక్క స్టేషను పేరు వెనుక ఉన్నారు. ఎల్.బి. నగర్ దాటి విజయవాడ రహదారిలో మరికొంత ముందుకు పోతే వనస్థలిపురం. అక్కడి విశాలమైన మైదానం నిజాముల వేటస్థలం. వారి కాలంలో మచ్చిక చేసిన చీతాలను జింకల మీదకు వదలుట వేడుకగా ఉండేది. ఆ చీతా జాతి మన దేశంలో అంతరించినదని 1952లో ప్రకటించినారు. 2022లో ఆఫ్రికా నుండి కొన్నింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో వదలవలసి వచ్చినది. కృష్ణజింక మాత్రం మన వద్ద మిగిలింది. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణోత్సవాన్ని పురస్కరించుకొని 1975లో ఆ వేటస్థలాన్నే మహావీర్ హరిణ వనస్థలి అనే రక్షిత వనంగా చేసినారు. సుమారు 14 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన ఆ వనానికి జైన తీర్థంకరుని పేరు పెట్టినప్పుడు, నిజాముల వేటలను చిత్రించిన జైనుని పేరు ఎవరి మనస్సులోనూ మెదిలి ఉండదు.

అక్వేరియం నుండి మా విద్యార్థులు ఈ సంవత్సరం ఆ వనానికి వెళ్ళినారు. సాయంకాలం కావస్తుండగా, వెలుగు తగ్గుతున్న వేళ, పొదల అంచున ఒక నల్లని మగజింక వచ్చి నిలబడింది. వాహనం అద్దం దించితే చప్పుడవుతుందని అద్దంలో నుండే, కటకాన్ని దానికి ఆనించి, చుట్టూ గుడ్డ పట్టి చిత్రం తీసినారు. కొమ్ములు స్పష్టంగా వచ్చినవి. తల మాత్రం కొంచెం కదిలింది.